సంచీయే ఇల్లు... ఆకాశమే మిద్దె!

గుడారం మోయలేం. గది అక్కర్లేదు. తెల్లారేసరికి మాత్రం గండికోట లోయ అంచున కళ్లు తెరవాలి... ఇలా కోరుకునే ఒంటరి యాత్రికుల కోసమే ఉంది బివీ సంచి. మడిస్తే సొరకాయంత. బరువు అరకిలో. అయితే మంచు కొండల కోసం కుట్టిన ఆ సంచి మన సీమ రాళ్ల మీద, మన ఉక్కపోతలో ఎంతవరకూ పనికొస్తుంది? కొనేముందు ఏం చూసుకోవాలి?

రాయలసీమలో ఎండాకాలం అంటే మిద్దె మీద నిద్ర. పొద్దుగూకగానే నాలుగు బిందెల నీళ్లు చల్లి, సెగ తగ్గాక చాపలు పరిచి, ఎవరి దుప్పటి వాళ్లు తెచ్చుకుని వరసగా నడుం వాల్చేవాళ్లు. నడిరేయి దాకా ఉడుకే. దుప్పటి కాళ్ల దగ్గరే ఉండిపోయేది. తెల్లారుజామున గాలి తిరగ్గానే అందరూ ముసుగుతన్నేవాళ్లు. తల నుంచి కాలివేళ్ల దాకా చుట్టేసుకుని, ముక్కు దగ్గర మాత్రం చిన్న సందు వదులుకునేవాళ్లు. దోమ లోపలికి రాకూడదు. ఊపిరి బయటికి పోవాలి. మంచు తగలకూడదు. ఒంటి వేడి పోకూడదు.

పర్వతారోహకులు వందేళ్లుగా కుస్తీ పడుతున్నది సరిగ్గా ఈ నాలుగింటితోనే! ఆ కుస్తీలోంచి పుట్టిందే బివీ సంచి. మనిషి పొడవుకు కాస్త ఎక్కువగా, పడుకున్నవాడి ఆకారంలో కుట్టిన తొడుగు. అడుగున నీరు పీల్చని గుడ్డ, పైన గాలాడే గుడ్డ, తల దగ్గర జిప్పు లేదా దోమతెర... అంతే. స్తంభాలుండవు, మేకులుండవు. పరుపుతో సహా అందులోకి దూరి పడుకోవడమే.

'బివీ' అన్నది 'బివోక్' అనే మాటకు ముద్దుపేరు. గుడారాల్లేకుండా ఆరుబయట రాత్రి గడపడాన్ని ఫ్రెంచివాళ్లు అలా అంటారు. వాళ్లకు ఆ మాట స్విస్ జర్మన్ నుంచి వచ్చిందంటారు. అక్కడ దానర్థం అదనపు కాపలా. అంటే, మొదట్లో అది నిద్రకు సంబంధించిన మాటే కాదు... మేలుకుని ఉండటానికి సంబంధించింది!

గండి ఉన్నచోట గాలి ఉంటుంది

కడప జిల్లాలో గండి అనగానే రెండు చోట్లు గుర్తొస్తాయి. ఒకటి, వేంపల్లె దాటాక పాపాఘ్ని నది కొండల్ని చీల్చుకుని వచ్చేచోట వెలసిన గండి వీరాంజనేయస్వామి క్షేత్రం. శ్రావణ శనివారాల్లో ఇసకేస్తే రాలనంత జనం వస్తారు. గుడి దగ్గర ఒక రాత్రి నిద్ర చేసి వెళ్తామని మొక్కుకునేవాళ్లకు ఆరుబయట పడక కొత్తకాదు. ఆ రెండు కొండల నడుమ కట్టిన బంగారు తోరణం దత్త మండలాల కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రోకి కనిపించిందనే కథ ఇప్పటికీ చెప్పుకుంటారు.

రెండోది, జమ్మలమడుగు దగ్గర పెన్నా నది ఎర్రమల కొండల్ని కోసేసిన చోట ఉన్న గండికోట. ఇక్కడి రాయి ఎంత ప్రత్యేకమంటే, భూగర్భ శాస్త్రవేత్తలు కడప శిలల్లో ఒక పొరకి 'గండికోట క్వార్ట్‌జైట్' అని ఊరి పేరే పెట్టుకున్నారు. ఎర్రటి పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే ఆ లోయ అంచున సూర్యోదయం చూడ్డానికి బెంగళూరు నుంచీ హైదరాబాద్ నుంచీ శని, ఆదివారాల్లో కుర్రకారు బారులు తీరుతోంది. పర్యాటక శాఖ హరిత హోటల్ ఉంది. అద్దెకు గుడారాలిచ్చేవాళ్లూ ఉన్నారు. సాయంత్రానికి రంగురంగుల గుడారాలు పుట్టగొడుగుల్లా లేస్తాయి. పాటలూ మంటలూ అర్ధరాత్రి దాకా!

ఆ సందడి నుంచి కాస్త దూరంగా, ఒక్కరే, వీపున చిన్న సంచితో వచ్చి నక్షత్రాలు చూస్తూ పడుకోవాలనుకునేవాళ్లూ ఉంటారు. బస్సు దిగి నడిచేవాళ్లు, సైకిల్ మీద జిల్లాలు తిరిగేవాళ్లు, బైకు మీద వచ్చి లోయ వెంబడి నడవాలనుకునేవాళ్లు. మామూలు చౌక రకం గుడారం రెండు కిలోలకు తగ్గదు. బాగా ఖర్చుపెడితే కిలో దాకా దిగొచ్చు. బివీ సంచి మాత్రం 200 గ్రాముల నుంచి అరకిలో లోపే. పైగా అది పరవడానికి మనిషి పడుకునేంత జాగా చాలు. గుడారం మేకు దిగని రాతి పలక మీద కూడా పరుచుకోవచ్చు. గండికోటలో మేకు దిగే చోటు దొరకడమే కష్టం!

కంబళి చెప్పే పాఠం

నిజానికి సీమకు బివీ సంచి కొత్త వస్తువేం కాదు. పంట కోసిన చేలలో గొర్రెల మందను కట్టి, ఆ పక్కనే రాత్రంతా పడుకునే కాపరి భుజాన ఉండే కంబళి ఏమిటి మరి? ఎండకు తలపాగా, వానకు కొప్పెర, కూర్చుంటే చాప, పడుకుంటే పరుపూ దుప్పటీ. రైతుకు చేలో ఎరువు పడుతుంది, కాపరికి గింజలో డబ్బులో ముడతాయి. ఇల్లు మాత్రం రోజుకో చేను. అలాంటి బతుకులో గుడారం మోయడం కుదరదు కాబట్టే ఒకే గుడ్డతో అన్ని పనులూ నడుపుకున్నారు.

కంబళి వెనక చాలా తెలివి ఉంది. ఉన్ని తన బరువులో దాదాపు మూడోవంతు తేమ పీల్చుకున్నా ముట్టుకుంటే తడిగా అనిపించదు. తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది. నేతలో పడుగుకు చింతపిక్కల గంజి పట్టిస్తారు. దాంతో గుడ్డ బిగుసుకుని చినుకులు జారిపోతాయి. అన్నింటికీ మించి, ఊపిరి ఆడుతుంది. ముసుగుతన్నినా లోపల చెమటతో నానిపోం. కర్ణాటకలోని చళ్లకెరె లాంటి కంబళి సంతలకు మన సరిహద్దు జిల్లాల నుంచి వెళ్లి కొనుక్కొచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దాని లోపం ఒక్కటే... బరువు. నాలుగు చినుకులు పడితే ఇంకా బరువు.

కంబళిలోని మంచి గుణాలన్నీ ఉండి బరువు మాత్రం లేని గుడ్డ కావాలి. యూరప్ కొండలెక్కేవాళ్లు వెతికిందీ దానికోసమే. ఆస్ట్రియాలో స్కీయింగ్‌కు ఆద్యుడనిపించుకున్న మథియాస్ జ్‌డార్‌స్కీ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఒక సంచి తయారుచేశాడు. జర్మన్ మాట్లాడే పర్వతారోహకులు దాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. 1930ల్లో ఫ్రాన్స్‌కు చెందిన పియర్ అలాన్ నడుం దాకా వచ్చే పొట్టి సంచీనీ, పైన తొడుక్కునే కోటునూ జతచేసి బరువు తగ్గించాడు. ఆ పొట్టి సంచికి 'ఏనుగు కాలు' అని పేరు! ఆ గుడ్డలతో ఒక చిక్కుండేది. వాన ఆపేదైతే ఊపిరాడదు. ఊపిరాడేదైతే వాన ఆగదు.

1969లో అమెరికాలో బాబ్ గోర్ టెఫ్లాన్ కడ్డీని వేడిచేసి ఒక్కసారిగా లాగినప్పుడు అది తెగకుండా పొరలా సాగింది. ఆ పొరనిండా కంటికి కనిపించని రంధ్రాలు. అవి నీటిబొట్టుకన్నా ఇరవై వేల రెట్లు చిన్నవనీ, ఆవిరి అణువుకన్నా వందల రెట్లు పెద్దవనీ తయారీదారుల లెక్క. నీరు లోపలికి రాదు, ఆవిరి బయటికి పోతుంది. అదే గోర్‌టెక్స్. 1976లో మార్కెట్లోకి వచ్చింది. ఆ తర్వాతే బివీ సంచి మామూలు యాత్రికుల చేతికొచ్చింది.

మంచుకొండ లెక్క... మండే కొండకు కుదరదు

అసలు విషయం ఇక్కడే ఉంది. బ్రాండెడ్ సంచుల మీద 'రోజుకు చదరపు మీటరుకు ఇన్నివేల గ్రాముల ఆవిరి బయటికి పంపుతుంది' అని రాసి ఉంటుంది. పదివేలు అంటే పర్లేదు, ఇరవై వేలంటే చాలా గొప్ప అన్నమాట. కానీ ఆ అంకె ప్రయోగశాలలోది. ఆ గుడ్డ పనిచేయాలంటే లోపల వెచ్చగా తేమగా ఉండి, బయట చల్లగా పొడిగా ఉండాలి. ఆ తేడాయే ఆవిరిని బయటికి నెడుతుంది. ఆల్ప్స్‌లో తేడా బోలెడు. మే నెలలో ప్రొద్దుటూరులో? రాత్రి పదింటికి కూడా గోడలు సెగలు కక్కుతుంటే ఎంత ఖరీదైన గోర్‌టెక్స్ అయినా ప్లాస్టిక్ సంచితో సమానమే.

మనిషి ఒంట్లోంచి, చెమట పట్టకపోయినా, చర్మం ద్వారా, ఊపిరి ద్వారా రోజుకు అరలీటరుకు పైగా నీరు ఆవిరై పోతుంది. ఒక రాత్రికి పెద్ద గ్లాసెడు అనుకోండి. అది బయటికి పోకపోతే ఎక్కడికి పోతుంది? గుడ్డ లోపలివైపు బొట్లు బొట్లుగా పేరుకుంటుంది. తెల్లారి లేచి 'సంచి కారిపోయింది, మోసపోయాం' అని తిట్టుకునేవాళ్లలో చాలామందిని తడిపింది వాన కాదు, వాళ్ల సొంత ఊపిరే! అందుకే బివీ వాడేవాళ్లకు మొదటి పాఠం... ఎంత చలేసినా నోరూ ముక్కూ సంచి బయటే ఉండాలి. మిద్దె మీద దుప్పట్లో వదులుకునే సందు లాంటిదే ఇదీ.

అలాగని మనకు పనికిరాదని కాదు. గండికోటలో ఆరుబయట పడుకోవడానికి అనువైన కాలం నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా. అప్పుడు రాత్రి వేడి పదిహేను, ఇరవై డిగ్రీల మధ్య ఆడుతుంది. లోయలో నీళ్లుండటం వల్ల తెల్లారుజామున మంచు బాగానే కురుస్తుంది. అలాంటప్పుడు పైభాగం గాలాడే గుడ్డ, అడుగు మాత్రం గట్టి జలనిరోధక గుడ్డ ఉన్న తేలికరకం సరిగ్గా సరిపోతుంది. ఎండాకాలానికైతే పైభాగమంతా దోమతెరే ఉన్న సంచి ఒక్కటే దారి. దానిమీద వాన అనుమానముంటే తాడుకు వేలాడదీసుకునే చిన్న టార్పాలిన్ పట్టా.

ఏ రకం ఎవరికి?

దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ 'బివీ' పేరుతో నాలుగు రకాల సరుకు కనిపిస్తుంది. పేరు ఒకటే అయినా పనులు వేరు.

ముందుగా కొనకూడనిది చెప్పుకుందాం. వెండిరేకులా మెరుస్తూ నాలుగైదు వందలకే దొరికే సంచులు. బరువు వందగ్రాములు, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. 1964లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కోసం తయారైన మెరుపు పూత ఫిల్ములోంచి వచ్చిన సరుకు ఇది. ఒంటి వేడిని అద్దంలా తిప్పికొడుతుంది. కాలు విరిగి కొండమీద చిక్కుకుపోయినప్పుడు ప్రాణం కాపాడేది ఇదే. కానీ గాలి ఆడదు. ఒక్క రాత్రి హాయిగా పడుకుందామని దూరితే గంటలో నానబెట్టిన కందిపప్పు అయిపోతాం. పిల్లలకు ఆడుకోవడానికి అసలే ఇవ్వకూడదు. తల దూర్చి మూసుకుంటే ఊపిరాడదు. సంచిలో ఒక మూలన పడి ఉండాల్సిన వస్తువే తప్ప పడక కాదు.

రెండోది, గాలాడే తేలిక సంచి. పైన సన్నటి నైలాను, అడుగున సిలికాన్ పూత నైలాను. 200 గ్రాముల చుట్టూ ఉంటుంది. మంచునూ గాలినీ ఆపుతుంది, వానను ఆపదు. పట్టా తోడుంటే మన శీతాకాలానికి ఇదే సుఖం. మూడోది, పూర్తిగా వాననాపే పొర ఉన్న సంచి. అరకిలో దాకా తూగుతుంది, ఖరీదు వేలల్లో. హిమాలయాలకు వెళ్లే ఆలోచన ఉంటే తప్ప కడప మనిషికి దీనిమీద డబ్బు పోయడం దండగ.

నాలుగోది, తల దగ్గర చిన్న కమాను ఉండి గుడ్డ ముఖానికి తగలకుండా నిలబడే రకం. ఇరుకంటే భయపడేవాళ్లకు బాగుంటుంది. దోమతెర ముక్కుకు తగలదు కాబట్టి దోమ తెరలోంచి కుట్టదు. అయితే వీటిలో కొన్ని కిలో దాకా పోతాయి. కిలో మోయడానికి సిద్ధమైతే ఒంటరి గుడారమే కొనుక్కుని దర్జాగా కూర్చోవచ్చు కదా! బట్టలు మార్చుకోవచ్చు, వానొస్తే లోపల పుస్తకం చదువుకోవచ్చు. బివీలో ఆ రెండూ కుదరవు.

రకం తేలాక కొలతలు చూడాలి. మనిషి ఎత్తుకు కనీసం అడుగు ఎక్కువ పొడవుండాలి. భుజాల దగ్గర బిగుతుగా ఉంటే లోపలి పరుపు నొక్కుకుపోయి వెచ్చదనం పోతుంది. చాపతో సహా లోపల పడుకుని పక్కకు ఒత్తిగిల్లగలగాలి. దుకాణంలో ఉంటే సిగ్గుపడకుండా నేలమీద పరిచి దూరి చూడటమే. నవ్వేవాళ్లు నవ్వుతారు. జిప్పు లోపలినుంచీ బయటినుంచీ తెరుచుకోవాలి. చీకట్లో ఒంటిచేత్తో, కంగారులో తెరవగలమా అని కళ్లు మూసుకుని పరీక్షించుకోవాలి. కాళ్లవైపు నుంచి పాక్కుంటూ బయటపడాల్సిన సంచిని ఒంటరివాళ్లు తీసుకోకపోవడమే మేలు.

అడుగు గుడ్డ మీద 'ఇన్ని మిల్లీమీటర్లు' అని ఉంటుంది. గుడ్డమీద గొట్టం నిలబెట్టి నీళ్లు పోస్తూపోతే ఎంత ఎత్తు వరకూ చుక్క దిగకుండా ఆపిందో ఆ లెక్క. 1500 అంటే మీటరున్నర నీటి స్తంభాన్ని ఆపిందని. పైభాగానికి అది చాలు. అడుగున మనిషి బరువు, మోకాలి ఒత్తిడీ పడతాయి కాబట్టి 3000 పైన ఉంటే నిశ్చింత. కుట్లమీద టేపు అతికించారా లేదా అన్నది అంతకన్నా ముఖ్యం. నీరు దిగేది గుడ్డలోంచి తక్కువ, సూది రంధ్రాల్లోంచి ఎక్కువ.

కట్లపాము పక్కలోకి రాకుండా

చలీ, వానా సరే. మన ప్రాంతంలో ఆరుబయట నేలమీద పడుకునేవాళ్లకు అసలు భయం వేరే ఉంది. 2000 నుంచి 2019 వరకూ దేశంలో పాముకాటు మరణాలు సగటున ఏడాదికి 58 వేలని 2020లో వెలువడిన అధ్యయనం లెక్కగట్టింది. ఎక్కువ భారం మోస్తున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. వీటిలో నిద్రపోయేవాళ్ల పాలిటి శత్రువు కట్లపాము. రాత్రిపూట తిరుగుతుంది. ఒత్తిగిల్లినప్పుడు మీదపడితే కాటేస్తుంది. కాటు చీమ కుట్టినట్టు కూడా ఉండకపోవచ్చు. వాపు రాదు. తెల్లారేసరికి కళ్లు మూతలుపడటం, మాట ముద్దగా రావడం, కడుపునొప్పి... పాము అనే అనుమానమే రాక ఆలస్యమైపోతుంది.

నేపాల్ మైదాన ప్రాంతంలో జరిగిన అధ్యయనం ఒకటి 2007లో ప్రచురితమైంది. దోమతెర కట్టుకుని, అంచులు పరుపు కిందికి దోపుకుని పడుకున్న ఇళ్లలో పాముకాట్లు బాగా తక్కువని తేలింది. మలేరియా కోసం కట్టుకున్న తెర పామునూ ఆపింది! ఈ లెక్కన, ఒంటరిగా ఆరుబయట పడుకునే తెలుగువాళ్లకు బివీ సంచి ఇచ్చే అసలు లాభం బరువు తగ్గడం కాదు. అడుగూ తెరా కలిపి కుట్టేసి, జిప్పు పూర్తిగా మూసుకుపోవడం. పాము, తేలు, జెర్రి, మండ్రగబ్బ... ఏదీ లోపలికి రాలేదు. తెర లేకుండా తల దగ్గర తెరిచి ఉండే రకం ఎంత తేలికైనా, ఎంత చౌకైనా మనకు వద్దు. ముక్కు బయటుండాలని పైన చెప్పుకున్నది సంచి గుడ్డ సంగతి. తెర మాత్రం ముఖం మీదుగా మూసే ఉండాలి.

ఇంకొన్ని జాగ్రత్తలూ ఉన్నాయి. సాయంత్రం నుంచీ సంచి తెరిచి పరచకూడదు. పడుకునే ముందే పరిచి, దులిపి, దూరిన వెంటనే జిప్పు వేసేయాలి. చెప్పులు, బూట్లు ఒక కవర్లో పెట్టి మూతి కట్టి పక్కన ఉంచాలి. లేవగానే వాటిని బోర్లించి దులపాలి. తినుబండారాలు తల దగ్గర పెట్టుకుంటే చీమలు, వాటికన్నా ముందు ఎలుకలు వస్తాయి. ఎలుక వెనక ఎవరు వస్తారో చెప్పక్కర్లేదు. రాళ్ల గుట్టలు, పాడుబడ్డ గోడల మొదళ్లు, ఎండు ఆకులు పేరుకున్నచోట్లు పడకకు పనికిరావు. గండికోట శిథిలాలు చూడ్డానికే అందం!

కాటు పడిందన్న అనుమానం వస్తే కట్టు బిగించడం, కోయడం, పీల్చడం ఏవీ వద్దు. కాటుపడ్డ భాగాన్ని కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేరాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి... నాలుగింటికీ కలిపి పనిచేసే విరుగుడు మందు మన దేశంలో ఉంది. ఏ పామో చెప్పలేకపోయినా వైద్యం ఆగదు.

చాప లేకపోతే సంచి దండగ

బివీ కొనేసి ఊరుకుంటే నిద్ర పట్టదు. కింద చాప కావాలి. గాలి ఊదే పరుపు తేలికే కానీ సర్కారు తుమ్మ ముళ్లకూ, క్వార్ట్‌జైట్ అంచులకూ రెండో రాత్రికే అది ఆవిరి. మూసిన కణాలుండే ఫోమ్ చాపే నయం. పొడుచుకుపోయినా పనిచేస్తుంది. మూడు నాలుగు వందల గ్రాములు. నేలలోకి పోయే ఒంటి వేడిని ఆపేది ఇదే. ఇక్కడ ఒక చిత్రం ఉంది. ఎండాకాలంలో పగలంతా కాలిన రాతి పలక అర్ధరాత్రి దాకా పెనంలా ఉంటుంది. అదే పలక జనవరిలో తెల్లారుజామున వెన్నులోంచి వేడి లాగేస్తుంది. రెండు కాలాల్లోనూ చాపే దిక్కు.

లెక్క వేస్తే... తెర ఉన్న సంచి 400 గ్రాములు, ఫోమ్ చాప 400, పలచటి దుప్పటి లేదా శాలువా 500, పట్టా, తాళ్లు 400. మొత్తం కిలో 700. రాత్రి పడకకు కావాల్సినవన్నీ ఇందులో వచ్చేశాయి. కొనుక్కునే ఓపిక లేకపోతే ఊళ్లోనే కుట్టించుకోవచ్చు. బట్టల వ్యాపారానికి పేరున్న ప్రొద్దుటూరులో దోమతెర గుడ్డ, పూత వేసిన నైలాను, పొడవాటి జిప్పు దొరక్కపోవు. బ్యాగులు కుట్టేవాళ్లకు కొలతలిస్తే సాయంత్రానికి సంచి చేతికొస్తుంది. కుట్లమీద సీలెంట్ రాయడం మాత్రం మన పనే. రంగు ముదురుది కాకుండా నారింజో పసుపో ఎంచుకుంటే వెతికేవాళ్లకు కనిపిస్తుంది.

ఎక్కడ పరిచినా కుదరదు

సంచి చిన్నది కదా, ఎక్కడైనా పరిచేసుకోవచ్చు అనుకుంటే పొరపాటే. గండికోటలోని గుళ్లు, మసీదు, కోట కట్టడాలు పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. వాటి అరుగుల మీద పడక కుదరదు. లోయ అంచుకు చాలా దూరంగానే పడుకోవాలి. చీకట్లో నిద్రమత్తులో లేచి నాలుగడుగులు వేస్తే ఏమవుతుందో పగలు ఒకసారి చూసుకుంటే తెలుస్తుంది. కిందికి దిగి ఇసకలో మెత్తగా పడుకుందామన్న ఆలోచన ఇంకా ప్రమాదం. పైన గండికోట రిజర్వాయరు ఉంది. నీళ్లు వదిలే వేళ లోయలో ఉండకూడదు. 2021 నవంబరులో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు నది ఎంత తొందరగా ఊళ్లమీదికి వస్తుందో జిల్లా మొత్తం చూసింది.

పాపాఘ్ని గండి వైపు సంగతి మరోటి. గుడి ఆవరణలో నిద్ర చేయడానికి అడ్డులేదు. కానీ ఆ కొండలమీద అడవిలోకి పోయి సంచి పరచాలంటే అటవీశాఖ అనుమతి ఉండాల్సిందే. ఎర్రచందనం పెరిగే జిల్లా ఇది. అర్ధరాత్రి అడవిలో ఒంటరిగా, వీపున సంచితో దొరికినవాళ్లు 'నక్షత్రాలు చూడ్డానికొచ్చాం సార్' అంటే నమ్మేవాళ్లు ఉండరు. చిరుతల సంగతి సరేసరి. 2023 ఆగస్టులో తిరుమల నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత పొట్టనపెట్టుకున్నది ఈ శేషాచలం కొండల్లోనే.

ఒంటరితనం హద్దులు

ఒంటరి యాత్రలకు తెలుగునాట మొదట గుర్తొచ్చే పేరు మల్లి మస్తాన్‌బాబు. నెల్లూరు జిల్లా గాంధీజనసంఘంలో పుట్టి, 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలనూ ఎక్కేసిన మనిషి. 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో, అర్జెంటీనా-చిలీ సరిహద్దులోని సెర్రో ట్రెస్ క్రూసెస్ శిఖరానికి ఒంటరిగా వెళ్లి తిరిగి రాలేదు. రోజుల తరబడి గాలించాక ఏప్రిల్ మొదటివారంలో మృతదేహం దొరికింది. అంతటి అనుభవం ఉన్నవాడికే కొండ మన్నింపు ఇవ్వలేదు. 1953లో నంగా పర్వతం శిఖరాన్ని ఒంటరిగా ఎక్కిన హెర్మన్ బుల్ దిగేటప్పుడు చీకటి పడి, గుడారం, సంచి ఏవీ లేకుండా ఒక అంచుమీద రాత్రంతా నిలబడే గడిపాడు. బతికి వచ్చాడు కానీ కాలివేళ్లు కొన్ని పోగొట్టుకున్నాడు.

గండికోట ఆండీస్ కాదు. అయినా కాలు మెలికపడటానికి పెద్ద కొండ అక్కర్లేదు. ఎక్కడ పడుకుంటున్నారో, మర్నాడు ఎన్నింటికి ఫోన్ చేస్తారో ఇంట్లో చెప్పి వెళ్లడం, ఊళ్లోనో హోటల్లోనో ఒకరికి ముఖం చూపించి రావడం, ఫోన్ ఛార్జింగ్ దాచుకోవడం, మెడలో విజిల్... ఇవేవీ బరువు కావు. అత్యవసరానికి 112 ఉంది. ఇంట్లో పెళ్లికావాల్సిన అమ్మాయో, చదువుకునే అబ్బాయో 'ఒక్కణ్నే వెళ్తా', 'ఒక్కదాన్నే వెళ్తా' అంటే అమ్మానాన్నలు వద్దనడం మామూలే. ఆ గొడవకు మధ్యేమార్గం ఒకటుంది. మొదటిసారి గుడారాలు అద్దెకిచ్చే చోటుకే వెళ్లి, వాళ్ల కనుచూపు మేరలో సొంత సంచి పరుచుకోవడం.

దానికన్నా ముందు ఇంటి మిద్దె ఉండనే ఉంది. కొత్త సంచి రాగానే ఒక రాత్రి అక్కడే పడుకుని చూడాలి. జిప్పు ఎక్కడ పట్టేస్తోంది, అర్ధరాత్రి ఉక్కపోస్తోందా, తెల్లారేసరికి లోపల ఎంత తడి పట్టింది, బయటికి రావడానికి ఎన్ని క్షణాలు పట్టింది... అన్నీ అక్కడే తేలిపోతాయి. ఒక బిందెడు నీళ్లు మీద పోయించుకుంటే కుట్ల సంగతీ తెలుస్తుంది. ఇంట్లో పిల్లలు ఆ పనికి ఎగబడి ముందుకొస్తారు! నచ్చకపోతే దిగిపోయి మంచమెక్కొచ్చు. పొద్దున్నే సంచిని లోపలివైపు పైకి వచ్చేలా తిరగేసి, ఎండలో కాకుండా నీడన ఆరేయాలి. చెమ్మ ఉండగానే చుట్టేస్తే పూత ఊడిపోవడమే కాదు, తర్వాతిసారి గండికోటలో దాన్ని విప్పేసరికి బూజు వాసన గుప్పుమంటుంది.